కింది మెట్టు ఓల్టేజీ

జులై 2

ఫోన్ చచ్చి ఇటుక అయిపోయిందనుకున్నాను. కాలేదు.

కొత్త కెర్నెల్ ఎక్కించగానే ఫోన్ తెర నల్లబడి అలాగే ఉండిపోయింది. బటన్లు నొక్కిపెట్టాను, కేబుల్ పీకి మళ్ళీ గుచ్చాను, తెలిసిన దేవుళ్ళకీ తెలియని దేవుళ్ళకీ దణ్ణాలు పెట్టాను. చివరికి పాత కెర్నెల్‌నే తిరిగి ఎక్కిస్తే లేచింది. నా ఫోనే అయుంటే ఇటుకైతే అయిందని బల్లకాలు కింద ఎత్తుకి పెట్టేవాణ్ణి. ఇది నాన్న నోరు.

జబ్బు ముందు చేతుల్ని తీసుకుంది, తర్వాత కాళ్ళని, పోయిన చలికాలం నాలుకని. కళ్ళు మిగిలాయి. ఆ కళ్ళు ఏ అక్షరం మీద ఆగాయో ఫోన్ ముందువైపు కెమెరా చూస్తుంది, ఫోన్ రాస్తుంది, పైకి చదువుతుంది. చోంగ్‌చింగ్ ఊరి టాక్సీ వాళ్ళలో మా నాన్న తాన్ దఫూ అంటే నోటికి బ్రేకు లేని మనిషని పేరు. అలాంటి మనిషి నేను కుస్తీ పడుతున్నంతసేపూ నోరూ వాయీ లేకుండా నన్నే చూస్తూ పడుకున్నాడు.

తెర వెలగ్గానే ఒక్కో అక్షరమే చూసి ఒక మాట రాశాడు. ఫోన్‌లోని ఆడగొంతు వార్తలు చదివినట్టు మర్యాదగా "సన్నాసి" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

జులై 5

ఆసుపత్రి. డాక్టర్ పంగ్ ఈసారి నీళ్ళు నమల్లేదు. నాన్న చక్రాల కుర్చీలో వింటుండగానే చెప్పింది.

"ఊపిరి మాస్కుతో ఇంక ఎన్నాళ్ళో నెట్టలేం. గొంతు దగ్గర కోసి గొట్టం పెట్టి యంత్రానికి తగిలిస్తే ఊపిరి ఆడుతుంది. ఏళ్ళ తరబడి కూడా ఉండొచ్చు. కానీ కదలకుండా, యంత్రంతోనే. కావాలా వద్దా అన్నది ఆయనే చెప్పాలి. మీరు కాదు, నేను కాదు. ఇప్పుడే అడగండి. ఊపిరందక పరిగెత్తుకొచ్చిన రోజున వరండాలో నిలబడి అడిగే మాట కాదిది."

నాన్న గోడమీది గడియారం వైపు చూస్తున్నాడు. వినలేదేమో. ఆసుపత్రిలో గోల కదా.

వచ్చేటప్పుడు రుయిలాన్ అక్క లిఫ్ట్‌లోనే మొదలుపెట్టింది. "ఇవాళే అడుగుదాం."

"ఫోన్ కుదుటపడనీ అక్కా. వేడెక్కి నడక మందగిస్తోంది. ఇంత పెద్ద మాటలో ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే ఎవరిది పూచీ?"

అక్క లిఫ్ట్ తలుపు మీది అంతస్తుల అంకెలు చూస్తూ నిలబడింది. నేను చెప్పింది సబబే అని అర్థమైనట్టుంది.

జులై 6

ఫోన్ చిప్ ఓల్టేజీ పది మిల్లీవోల్టులు దించాను. బాగుంది.

జులై 7

ఇంకో ఇరవై. బాగుంది.

జులై 9

ఊరు పెనంలా కాలుతోంది. కింది అంతస్తులో మాజాంగ్ ఆడే ముసలమ్మలు కూడా బిళ్ళలు సర్దేసి మెట్రో స్టేషన్‌లోకి పోయి కూర్చున్నారట, అక్కడ చల్లగా ఉంటుందని. నేను పాత ఫోన్లు మార్చుకునేవాళ్ళ ఆన్‌లైన్ గుంపులోని ఉప్పుచేపతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. ఉప్పుచేప అనేది వాడు పెట్టుకున్న పేరు. అసలు పేరు నాకు తెలియదు, మొహం చూడలేదు, కానీ ఈ పాత ఫోన్ల చిప్పుల సంగతి వాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

"ముప్పై దించాను, ఏం కాలేదు. రేపు ఇంకో ఇరవై దించుతా" అంటున్నాను.

అక్క పెసల జావ గిన్నె చేత్తో పట్టుకుని వంటగదిలోంచి దూకింది. "ఎవర్నడిగి దించుతున్నావురా నాన్న బీపీ? మాత్రలు డాక్టరు రాసినవి, నువ్వు రాసినవి కావు!"

"బీపీ కాదక్కా, ఫోన్ ఓల్టేజీ. మన చైనీస్‌లో రెంటికీ మనవాళ్ళు ఒకటే మాట పెట్టి చస్తే నేనేం చెయ్యను?"

అవతల ఉప్పుచేప పడీ పడీ నవ్వాడు. అక్క నవ్వలేదు. కెర్నెల్ అంటే ఏంట్రా అసలు అని అడిగింది. చిప్‌కి ఎంత వేగం, ఎంత కరెంటు అని లోపల కూర్చుని పంచిపెట్టే మేస్త్రీ అన్నాను.

"అంటే కంపెనీ వాళ్ళ మేస్త్రీని వెళ్ళగొట్టి ఆ కుర్చీలో నువ్వు దూరావన్నమాట."

"అవును. కంపెనీ మేస్త్రీ భయస్థుడు. అందరికీ సరిపోవాలని అవసరమైన దానికంటే ఎక్కువ కరెంటు పోస్తాడు. ఎక్కువ పోస్తే వేడి. వేడెక్కితే నత్తనడక. నేను తక్కువ పోసి ఎక్కువ పరిగెత్తిస్తాను."

"తక్కువ పెట్టి ఎక్కువ పరిగెత్తించడం. మా సూపర్‌మార్కెట్ మేనేజర్‌కి కూడా నేర్పావా ఇది?" అని గిన్నె నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. జావలో పంచదార వెయ్యడం మర్చిపోయింది.

జులై 12

యాభై దాకా దించాను. చిప్‌లో బరువు పనులు చేసే పెద్ద కోర్ల వేగం ఒక మెట్టు పెంచాను కూడా. గంటసేపు కాల్చాను. అంటే చిప్‌ని ఊపిరి తీసుకోనివ్వకుండా లెక్కలు చేయించి ఎక్కడ కూలుతుందో చూడటం. కూలలేదు. అరచేతిలో పెట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. ఈ తరం చిప్పులకి నిప్పు డ్రాగన్ అని పేరు. దాన్ని గోరువెచ్చగా చేసిన మొనగాణ్ణి నేను.

గుంపులో ఫోటో పెట్టాను. ఓల్టేజీ దించేవాళ్ళని మా గుంపులో జ్యోతిష్కులంటారు, మా లెక్కలు మాకే అర్థం కావు కాబట్టి. "జ్యోతిష్కుల వారికి జయం" అని నలుగురు పెట్టారు. ఒకే రోజు ఒకే పళ్ళెంలో కోసిన చిప్పులైనా దేని ఒంటి తత్వం దానిదే. ఒకటి ఎంత దించినా కిక్కురుమనదు, ఒకటి ఐదుకే మూర్ఛపోతుంది. నాన్న ఫోన్‌ది గట్టి తత్వం. ఉప్పుచేప ఒక్కడే పుల్ల వేశాడు. "కాల్చి చూశావు సరే. ఊరికే వదిలేసి చూశావా?" అన్నాడు. ఊరికే ఉన్న ఫోన్‌లో చూడటానికి ఏముంటుంది?

రేపు అడుగుతాను. ఆయన ఔననాలి. ఔనంటాడు. ఔననకపోవడానికి కారణమే లేదు. యంత్రం పెడతారు, ఈ గది ఉంది, ఏసీ ఉంది, నేనున్నాను. ఫోన్ ఇంకా వేగంగా చేస్తాను. మళ్ళీ వాగుతాడు, తిడతాడు.

జులై 13

నేను అడగకముందే ఆయనే మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం పొట్టకి పెట్టిన గొట్టంలోంచి పాలు పోయడం అయింది. మూతి తుడిచి ఫోన్ ఎదురుగా బిగించి కూర్చున్నాను. నా వైపు చూశాడు, తర్వాత తెర వైపు. బి చూశాడు. ఆగాడు. చాలాసేపు ఆగాడు. క్యూ చూశాడు. మళ్ళీ ఆగాడు. టాక్సీ వాళ్ళంతా అంతే, మాటలోని ఒక్కో పలుకుకీ మొదటి ఇంగ్లీషు అక్షరమే కొట్టి, చ్య ఉంటే క్యూ, మిగతాది ఫోన్‌కి వదిలేస్తారు. తెర మీద మొదటి మాట వచ్చింది.

బావ్‌చ్యెన్. క్షమించు.

ఆయన దాన్ని ఎంచుకునేలోపు తెర ఆరిపోయింది. ఫోన్ తనంతట తనే మళ్ళీ మొదలైంది. అది లేచి, కెమెరా తెరుచుకునేసరికి నాన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. పిలిస్తే తెరవలేదు.

నా జన్మలో ఈ మనిషి ఎవరికీ క్షమించమని చెప్పగా వినలేదు. వెనక నుంచి గుద్దిన తప్పు తనదైనా ముందు బండివాణ్ణే తిట్టేవాడు. నాకు భారమయ్యానని అనుకుంటున్నాడు. "అలా అనకు నాన్నా, భారం కాదు" అని పాదాలు పట్టుకుని ఏడ్చాను. అవి ఏసీ గాలికి చల్లబడి ఉన్నాయి.

జులై 14

అక్కకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"ఏ అక్షరాలు?"

"బి, క్యూ."

అక్క చీపురు పక్కన పెట్టింది. "ఒరేయ్ హెంగ్. బు చ్యే కి కూడా బి, క్యూలే."

బు చ్యే. కోయొద్దు.

"ఫోన్ ముందు క్షమించు అనే చూపించింది" అన్నాను.

"జనం ఎక్కువగా వాడే మాటని ఫోన్ ముందు చూపిస్తుంది. నాన్న మనసులో మాటని కాదు. గొంతు కొయ్యాలా వద్దా అని వారం కిందటే విన్న మనిషి బి, క్యూ అని కొడితే నీకు క్షమాపణ ఎలా కనపడిందిరా?"

"కోయొద్దు అనే మనిషైతే పూర్తిగా కొట్టేవాడు."

"పూర్తిగా కొట్టనిచ్చిందా నీ ఫోను?"

అంతకంటే పెద్ద మాటలు అనుకున్నాం. పక్కగదిలో నాన్న వింటున్నాడని ఇద్దరికీ తెలుసు. అక్క వెళ్ళేముందు గుమ్మంలో ఆగి గొంతు తగ్గించి అంది. "పైకి చూస్తే ఔను, మూస్తే కాదు. స్నానం చేయించేటప్పుడు నేను అలాగే అడుగుతాను, టకటకా చెప్తాడు. నువ్వూ అలాగే అడుగు. పూటలో తేలిపోతుంది."

నీళ్ళు వేడిగా ఉన్నాయా అని అడగడానికీ దీనికీ తేడా లేదట. మహా తెలివి.

జులై 15

క్షమించు అనే. నేను చూశాను.

జులై 17

ఉప్పుచేప చెప్పిందే నిజం. వాడికి ఈ ముక్క చెప్పడానికి ప్రాణం ఒప్పలేదు, కానీ చెప్పాను.

"బరువు మోసేటప్పుడు కాదు బాబూ, కూర్చునేటప్పుడు కూలుతోంది" అన్నాడు. "వేగంగా పరిగెత్తే పై మెట్ల మీద యాభై దించావు, తట్టుకుంది. అదే యాభై కింది మెట్టు మీద కూడా దించావు. అక్కడ అసలు పోసేదే చెంచాడు. అందులో నువ్వు సగం లాక్కున్నావు. చిప్ ఖాళీగా ఉండి కింది మెట్టుకి దిగగానే స్పృహ తప్పుతోంది. గంటసేపు కాల్చితే ఎలా తెలుస్తుంది? కాల్చేటప్పుడు అది దిగదుగా."

కళ్ళు కదలకపోతే కెమెరా కునుకు తీసేట్టు చేసింది కూడా నేనే, వేడి తగ్గుతుందని. నాన్న ఒక అక్షరం దగ్గర ఆగాడు. కెమెరా కునికింది. చిప్ కింది మెట్టుకి దిగింది. చచ్చింది. ఆయన ఆగి ఆలోచించుకున్నందుకు ఆయన నోరు నొక్కేశాను. చెయ్యని ప్రయోగం లేదు, ఊరికే వదిలేసి చూడటం తప్ప.

కింది నాలుగు మెట్లకీ ఓల్టేజీ తిరిగి పోశాను. పగలంతా ఊరికే వదిలేసి ఎదురుగా కూర్చున్నాను. కూలలేదు. ఇంక అడ్డేమీ లేదు. రేపు.

జులై 18

నాన్న నీరసంగా ఉన్నాడు. ఎల్లుండి.

జులై 20

ఫోన్ కూలడం లేదు కానీ నెమ్మది పోలేదు. నేను ఎదురుగా కూర్చుంటే ఒక్కో అక్షరానికి యుగం పడుతోంది. ఒక్కోసారి తెర మీద చూపే ఆనదు, అక్షరాల మీంచి జారి నా మీదికొస్తుంది. మళ్ళీ బి దగ్గరికి వెళ్తాడేమో అని చూస్తున్నాను. వెళ్ళడు. వెళ్ళనందుకు నాకు హాయిగా ఉంది. ఎందుకు హాయిగా ఉందో ఇక్కడ రాయను.

అక్క పొద్దున వచ్చినప్పుడు మాత్రం బాగా నడుస్తోందట. వానజల్లు వస్తోంది కిటికీ వెయ్యమన్నాడట, మీ ఆయన ఇంకా సిగరెట్లు తాగుతున్నాడా అని అడిగాడట, కింది వాళ్ళ మిరపకాయల వేపుడు వాసన తగిలి వాళ్ళని బూతు తిట్టాడట. అన్నీ పది నిమిషాల్లో. పొద్దున పూట చల్లగా ఉంటుంది. చిప్‌కి చల్లదనం పడుతుంది. నేను కూర్చునేది మధ్యాహ్నం కదా.

వేగం ఇంకో మెట్టు పెంచాను.

జులై 21

పొద్దున కూర్చున్నాను. నెమ్మదిగానే ఉంది. గదిలో తేమ ఎక్కువ.

జులై 23

అక్క కొత్త ఫోన్ కొనుక్కొచ్చింది. పెట్టె కూడా విప్పలేదు. తాళం వేసి అమ్మే రకం, రూట్ చేసి లోపలికి వెళ్ళనివ్వరు, కెర్నెల్ మార్చనివ్వరు, లోపల ఏం జరుగుతోందో యజమానికే తెలియదు. "తాళం వేసిన ఇంట్లో నాన్నని పెడతావా?" అన్నాను.

"నీ ఇంట్లో పెట్టావుగా, చూశాంగా" అంది.

నేనే కళ్ళతో రాసే ప్రోగ్రామ్ అందులోకి ఎక్కించి ఇచ్చాను. ఒప్పుకోవాలి, మంచులా చల్లగా, మెరుపులా ఉంది. నేను ముందు కూర్చున్నాను. "నాన్నా, ఏమన్నా చెప్పు" అన్నాను.

ఆయన తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు, తెర వైపు చూశాడు. అక్షరాల పలక అలాగే ఎదురుచూస్తూ ఉంది. చాలాసేపటికి ఒక మాట వచ్చింది. "తిన్నావా."

"కొత్త కదా, కళ్ళకి అలవాటు కావాలి" అన్నాను.

అక్క నన్ను లేపి ఆ కుర్చీలో తను కూర్చుంది. ఆడగొంతు వరసపెట్టి చదివింది. వీడికి క్షవరం చేయించు. చిక్కిపోయాడు. సాయంత్రం నూడుల్స్ తినిపించు, కారం ఎక్కువ వేయించు.

అక్క నా మొహం చూడకుండా అంది. "ఆలస్యం ఫోన్‌లో లేదురా తమ్ముడూ. నీతో అనలేక ఆగిపోతున్నాడు."

నేను గదిలోంచి లేచి వచ్చేశాను. కొత్త ఫోన్‌లో ముందు కెమెరా మంచిది, అక్క జుట్టు వెనక్కి కట్టుకుంటుంది కాబట్టి ఆవిడ నీడ తెర మీద పడదు. ఇలాంటివి చాలా కారణాలుంటాయి. నూడుల్స్ తిన్నాను, కారం ఎక్కువ వేయించుకున్నాను. రుచి తెలియలేదు.

జులై 25

నాన్నకి జ్వరం.

జులై 26

అదే జ్వరం. దగ్గడానికి బలం లేదు. అంబులెన్స్‌కి ఫోన్ చేశాం.

జులై 27

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఇవాళే రాయకపోతే రేపు దీన్ని కూడా మార్చేసి రాస్తానని నాకు తెలుసు.

ఊపిరితిత్తుల్లో నెమ్ము. పొద్దున డాక్టర్ పంగ్ వచ్చి చూసింది. "అడిగారా?" అంది. అక్క నా వైపు చూసింది. నేను నేల చూశాను. డాక్టరమ్మ తిట్టి ఉంటే బాగుండేది. "మధ్యాహ్నం వస్తాను, అప్పటికి చెప్పండి" అని వెళ్ళింది.

నేను రెండు ఫోన్లూ తీశాను. నాన్నకి ఈసారి పెద్ద మాస్కు పెట్టారు, ముక్కూ నోరూ బుగ్గలూ అన్నీ కప్పేసింది. పాత ఫోన్ ఎదురుగా పెడితే తెర మీద "ముఖం కనబడటం లేదు" అని వచ్చింది. కొత్తది పెట్టినా అదే. వెలుతురు మార్చాను, కోణం మార్చాను. మంచం మీద ల్యాప్‌టాప్ తెరిచి, సగం ముఖంతోనే కళ్ళని పట్టుకునేలా ప్రోగ్రామ్ మార్చడం మొదలుపెట్టాను. గంటలో అయిపోతుందన్నాను. పక్క మంచం ఆవిడ బొప్పాయి ముక్కలు కోస్తూ నన్నే చూస్తోంది.

అక్క ల్యాప్‌టాప్ మూత మూసింది. నా వేళ్ళు లోపలున్నాయని కూడా చూడలేదు.

"ఫోన్‌కి కనబడకపోతే నీకూ కనబడటం లేదా ఆ ముఖం? అడుగు. నువ్వే అడగాలి. నేనడిగితే రేపు నమ్మవు."

లేచి మంచం పక్కన నిలబడ్డాను. మాస్కు పైన కళ్ళు. జ్వరానికి ఎర్రగా ఉన్నాయి. నేను అసలు ప్రశ్న అడగలేదు. ఇంకోటి అడిగాను.

"నాన్నా, ఆ రోజు బి, క్యూ అన్నావు చూడు. అది క్షమించు అనే కదా?"

కళ్ళు పైకెత్తాడు. ఔను.

నాకు ఎంత సంతోషమేసిందో రాయడానికి సిగ్గేస్తోంది. అక్క వైపు తిరిగాను. "చూశావా? నేను చెప్పలా?" పందెం గెలిచినవాడిలా అన్నాను, మంచం మీద ఊపిరి కోసం కొట్టుకుంటున్న మనిషి ముందు.

అక్క కొంగలా మెడ చాచి పోట్లాడుతుందనుకున్నాను. మెల్లగా అంది. "సరే. నువ్వే గెలిచావు. దేనికి క్షమించాలో అడుగు."

మంచం పట్టీ పట్టుకున్నాను. నాన్న నన్నే చూస్తున్నాడు, ఈ వేసవంతా తెర అంచు మీంచి చూసినట్టే. అది చూపు జారడం కాదని అప్పుడు తెలిసింది.

"నాన్నా. గొంతు దగ్గర గొట్టం పెట్టించుకుంటావా?"

నేను అడిగి నోరు మూసేలోపే కళ్ళు మూశాడు. కాదు. నేను వెతికి వెతికి చచ్చిన ఆ ఆలస్యం అందులో రవ్వంత కూడా లేదు.

సరిగ్గా వినలేదేమో. యంత్రాల చప్పుడు. వంగి చెవి దగ్గర అడిగాను. "పెట్టించుకుంటే ఉంటావు నాన్నా. నేను చూసుకుంటాను. నాకేం కష్టం లేదు. ఉంటావా?"

మూశాడు. తెరిచాడు. తడిగా ఉన్నాయి.

"జ్వరంలో ఉన్నావు, రేపు మళ్ళీ అడుగుతా. రేపు నువ్వు..."

మూశాడు.

ఇంకోసారి అడగబోయాను. నోరు తెరిచాను కూడా. అక్క వెనక నుంచి నా చొక్కా పట్టుకుని లాగింది. ఏడుస్తూ, పక్క మంచాల వాళ్ళందరికీ వినబడేట్టు అంది.

"ఒరేయ్, ఎన్నిసార్లు మూయిస్తావురా ఆ కళ్ళు?"

ఇంక అడగలేదు. కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుని, డాక్టరమ్మ వచ్చేదాకా ఆయన వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయనా చూశాడు.